గొళ్ళెం పెడితే చాలు

రాచర్ల. గురమ్మ ఇల్లు. మంచం మీద జిప్పు సంచి నోరు తెరుచుకుని ఉంది. పక్కింటి లాల్బీ గడపలో నిలబడి చూస్తోంది.

"మూడు చీరలా? సినిమాకు పోయేదానివి మూడే చీరలా గురమ్మక్కా?"

"సినిమా గాదు లాల్బీ, ఫోన్లో వచ్చే సీరియలు. అయినా ముప్పై చీరలు హీరోయిన్‌కు గదా. ముసలమ్మకు వాళ్ళే చింకి చీర ఇస్తారంట."

"ఆ పచ్చడి సీసా తియ్యి. కారిందంటే నువ్వు దిగేసరికి ఆ సంచంతా గోంగూరే."

"అది పోకపోతే నేనూ పోను. హైదరాబాదులో నాకు తెలిసిన ముఖం ఇదొక్కటే."

"అరవై నాలుగేళ్ళకు యాక్టరమ్మ!"

"నవ్వు. నేను గూడా నవ్వుకుంటనే ఉండా. అయ్యా, నాకు ముందు పళ్ళు మూడు లేవని డైరెక్టరుకు ముందే చెప్పినా. అదే గావాలన్నాడు. నాకు ల్యానిదాన్ని ఒకరు మెచ్చుకోవటం ఇదే మొదలు."

"ఆ వీడియో తీసిన పిల్లోడికి దండం పెట్టాల. కొనకనమిట్లలో మీ చెల్లెలి మామ సావుకు నువ్వు ఏడుస్తాంటే ఫోన్లో పట్టినాడు. లక్షమంది చూసినారంట."

"బతికున్నప్పుడు ఆ ముసలాయన్ని నలుగురు చూడలా."

"అక్కడ ఎవరి కోసం ఏడవాలంట?"

"కొడుకు కోసం. లారీ కింద పడి సస్తాడంట."

"నిజంగానా?"

"నిజంగా యాడ సస్తాడే! టీ తాగొచ్చి పాడె మీద పడుకుంటాడంట."

"మరి పేరు పెట్టి గదా ఏడవాల? బతికినోళ్ళ పేరు పెట్టి ఏడిస్తే వాళ్ళ ఆయుష్షు తగ్గుతాదని నువ్వే అంటావు."

"అంటా. అందుకే ఆ పిల్లోడి పేరు పెట్టను. సచ్చినోళ్ళు నాకు తక్కువుండారా? మా యమ్మ ఉంది, మా అత్త ఉంది, మా చిన్నక్క ఉంది. ఎవర్నో ఒకర్ని పిల్చుకుంటా."

"మరి బావను..."

"ఏం బావను?"

"ఏం ల్యా."

"మీ బావను నేనెందుకు ఏడుస్తానే? సచ్చినాడని నీకు ఎవరన్నా వచ్చి చెప్పినారా?"

"లేదక్కా. నోరు జారింది. ఆధార్ కార్డు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా. దాంట్లో ఉన్నది చదివి చెప్పమన్నాడు ఆఫీసాయన ఫోన్లో. అంతా చదివినా. మొగుని పేరు కాడికొచ్చి ఆపినా."

"చదువొచ్చి గూడా?"

"మొగుని పేరు నోటితో అంటానా? ఫొటో తీసి పంపినా, చదువుకోమని. ఆ కుంకుమ బరిణె ఇట్లియ్యి. పైన పెట్టుకోవాల, పొద్దున్నే గావాల."

"ఇదిగో. చెయ్యి ఇట్ల చాపు. ఇమాంజామిన్ కడతా."

"ఏందది?"

"రూపాయి బిళ్ళ గుడ్డలో చుట్టి చేతికి కడతాం మేము, ఊరికి పోయేవాళ్ళకు. క్షేమంగా తిరిగొస్తారు."

"గట్టిగా కట్టు. మీ బావకు ఇది కట్టేవాళ్ళు లేకపాయె."

"తాళం కప్ప యాడుంది?"

"గొళ్ళెం పెడితే చాలు."

"నెలరోజులు పోతుండావు! దొంగలొస్తే?"

"రానీ. నా ఇల్లు చూసి జాలిపడి వాళ్ళే ఏదన్నా పెట్టిపోతారు."

"అక్కా, నలభై ఏళ్ళాయె. నేను కాపురానికొచ్చినప్పటి నుంచి చూస్తుండా, ఈ తలుపుకు తాళం ల్యా."

"తాళం ఉంటే మనిషి చూసి తిరిగిపోతాడు."

"ఏ మనిషి?"

"ఆటో వచ్చింది. సంచి అందుకో."

పన్నెండో రోజు సాయంత్రం. ఫోను.

"అలో, లాల్బీ! వినపడతాందా?"

"అరవొద్దక్కా, ఫోను లేకపోయినా వినపడతాంది. యాడుండావు?"

"కృష్ణానగర్లో. మన గిద్దలూరు అరుణకుమారి గదిలో. తొమ్మిదేళ్ళ నుంచి ఇక్కడే ఉంది గదా ఆ పిల్ల, సినిమాల్లో ఇంకా గుంపులోనే నిలబడతాంది. నాలుగో అంతస్తు. లిఫ్టు ఉంది గానీ నాకు భయం. మెట్లెక్కుతా. పైకొచ్చేసరికి ఏడుపు దానంతటదే వస్తాది. ప్రాక్టీసు అనుకుంటుండా."

"యాక్టింగు చేసినావా?"

"మూడు రోజులు చేసినా. మొదటిరోజు బస్టాండులో కూర్చున్నా. నా వీపు కనపడతాదంట. అరవై నాలుగేళ్ళు వెనకేసుకుని తిరిగిన వీపు, ఇప్పుడు పనికొచ్చింది."

"రెండో రోజు?"

"పెళ్ళిలో లడ్డు తినాల. పదకొండుసార్లు తినిపించినారు. లడ్డంటే ఇంక నాకు వాంతే. మూడోరోజు పల్లెటూరిదాని మాదిరి నడవమన్నారు. నడిచినా. అట్ల గాదన్నారు."

"మరెట్లంట?"

"ప్యాంటేసుకున్న పిల్ల ఒకతి వచ్చి నాకు నేర్పించింది, పల్లెటూరోళ్ళు ఎట్ల నడుస్తారో. నడుం వంచి, నోరు తెరుచుకోని. ఊరికొచ్చినాక మీకందరికీ నేర్పిస్తా."

"యా అల్లా!"

"డైలాగు కాగితం చదివి చెప్పేదానికి గూడా ఒక పిల్లను పెట్టినారు. అమ్మీ, నేను అంగడి పొట్లాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నీ కాగితానికి నూనె మరకలు గూడా ల్యా, గబగబా చదువుతానన్నా."

"మంచిగనే ఉండావు. నాకే ఊరికే దిగులు."

"ఏం మంచి! మేకప్పాయనతో నిన్న రచ్చ. నాది విధవ ముసలమ్మ వేషమంట. బొట్టు తీసెయ్యమన్నాడు."

"తీసినావా?"

"తీస్తానా? పైన చర్మం రంగు పూసుకోమన్నా. పూసినాడు. కింద నా బొట్టు నాకుంది. నువ్వు కట్టింది గూడా ఉంది, రవికె చెయ్యి కిందికి లాక్కున్నా. లాల్బీ, తలుపు?"

"గొళ్ళెమే. అది వదులైంది, కుక్క ఒకటి నెట్టుకోని దూరి నీ మంచం మీద పడుకుంటాంది."

"పడుకోనీ, ఎవరో ఒకరు. రేపే ఏడుపు సీను."

"భయమా?"

"నాకా? ఏడవటానికి భయమా? చిన్నప్పటి నుంచి నాకొచ్చిన విద్య అదొక్కటే గదా."

మరునాడు సాయంత్రం. ఫోను.

"ఎట్లయింది అక్కా? ఏంది, గొంతు అట్లుంది?"

"మెట్లెక్కినా. రొప్పు."

"ఏడ్చినావా?"

"ముందు రాలా. మా యమ్మను పిలిచినా, రాలా. మా అత్తను పిలిచినా. బతికున్నప్పుడు నన్ను ఏడిపించింది చాలనుకున్నాదేమో, ఆమె గూడా కదల్లా."

"చిన్నక్కను?"

"ఆమెకు ముప్పై ఏళ్ళ కిందే ఏడ్చి తీర్చినా. ఒకసారి ఏడ్చినోళ్ళను మళ్ళా ఏడిస్తే నాటకం మాదిరుంటాది."

"నాటకానికే గదా పోయినావు!"

"అది నాకు గుర్తే రాలా, చూడు. కంట్లో మందేస్తామన్నారు. మందుతో ఏడ్చేదానికి గురమ్మ ఎందుకయ్యా అన్నా. రోషం. పాడె మీద పిల్లోడు, గోవర్ధన్ అని, పొద్దున నాకు ఇడ్లీ తెచ్చిచ్చినాడు. వాడు ఒక కన్ను తెరిచి, అవ్వా, నా పేరే పెట్టి ఏడువు, నడుం పీకుతాంది అన్నాడు."

"పాపం."

"మీ యమ్మ యాడుంది నాయనా అన్నా. ఊళ్ళో ఉందన్నాడు. ఆమె ఉండంగ నేను నీ పేరు పెట్టను, కండ్లు మూసుకోమన్నా."

"మరి?"

"మధ్యాన్నమయింది. డైరెక్టరు ఇంకో ముసలమ్మకు ఫోను చేయించినాడు. నేను వింటుండంగనే. ఆమెకు ఒక్క పన్నూ లేదంట. నాకంటే పెద్ద యాక్టరు."

"అయ్యో! పంపించేసినారా?"

"లేదు. సంచి సర్దుకోవాల్సిందే అనుకున్నా. ఊళ్ళో అందరికీ ఏం ముఖం చూపియ్యాల? ఏడవటం గూడా చేతగాలేదు గురమ్మకు అంటారు. అప్పుడు... అప్పుడు లెక్క చూసుకున్నా. నేను ఏడవనోడు ఒక్కడే మిగిలినాడు లాల్బీ."

"అక్కా..."

"పేరు పెట్టినా."

"నోటితోనా?"

"నోటితోనే. పెళ్ళయినప్పటి నుంచి అనని పేరు. నలభై మంది ముందర, మైకు పెట్టుకోని."

"ఏమన్నారు?"

"ఆపమని ఎవరూ అన్లా. చానాసేపటికి డైరెక్టరు వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. అవ్వా, ఇట్లాంటిది నేను చూళ్ళేదు, ఇంకొక్కసారి చెయ్యి, పక్కనుంచి తీసుకుంటానన్నాడు."

"ఇంకొక్కసారా!"

"రాలా. అది ఒక్కసారికే ఉంది. అప్పుడు వేయించుకున్నా కంట్లో మందు."

"పోనీలే అక్కా. సీరియలు కోసం ఏడ్చినావు. దానికే బావకు ఏమన్నా అయిపోతాదా?"

"అవ్వదు. నేనూ బస్సులో వస్తా అదే అనుకున్నా. గదికొచ్చి ముఖం కడుక్కున్నా. రంగుతో పాటు బొట్టు గూడా పోయింది. పెట్టుకుందామని బరిణె మూత తీసినా."

"పెట్టుకున్నావా?"

"మూత పెట్టేసినా."

"ఎందుకక్కా?"

"లాల్బీ, నీ కాడ తాళం కప్ప ఉందా?"

"ఉందక్కా."

"కుక్కను బయటికి తోలి తలుపుకు వెయ్యి."

"రేపు వేస్తాలే. రేపటికి నీ మనసు..."

"ఇప్పుడే పో. ఉండు, ఇంకో మాట. ఎవరవ్వా ఆయన, ఏమైనాడని అందరూ అడిగినారు. వాళ్ళకు చెప్పలా. నీకు చెప్తా."

"నాకు తెలుసు గదక్కా."

"తెలుసు. నా నోటితో విన్లా నువ్వు."

"చెప్పు."

"కాటమరాజు. నా మొగుడు. ఎనభై నాలుగో సంవత్సరం, మాఘమాసం, ఆదివారం పొద్దున గొర్రెలు తోలుకోని కురిచేడు దిక్కు పోయినాడు. రెండు నెలలకు తోటివాళ్ళు గొర్రెల్ని తోలుకొచ్చినారు. ఆయన రాలేదు."