కొళాయి కాడ తడివల

"గురవమ్మక్కా, ఈ చిన్నపోలయ్యకి కూడా ఒక టీ పొయ్యి. బోగోలు నించి కొత్తగా మన రేవుకి వచ్చినాడు, నా సంగతి తెలీదు పాపం. ఇను అబ్బయ్యా. అరవై రెండులో మన పంచాయతీ కొళాయి తెరిచినప్పుడు నీళ్లకి దీపాలు కట్టింది ఎవురనుకుంటా వుండావు? ఈ మునెయ్యే. మొదట పెద్దగా ఏం అనుకోలా. కొళాయి పక్కన రెండు గుంజలు పాతి, నూలువల కట్టి, పైన చిల్లుల గొట్టం పెట్టి నీళ్లొదిలినా. ఎనకాల పెట్రోమాక్స్. వల కన్నుకొక చుక్క నిలబడింది, చుక్కకొక దీపం ఎలిగింది."

"ఒక్క వలేనా?" అన్నాడు చిన్నపోలయ్య.

"ఒకటని ఎవురన్నారు? పన్నెండు. అది ముందు వరస. దానెనక ఇంకో నలభై. సందులో నడిస్తే ముందూ దీపాలే, ఎనకా దీపాలే. మా మాలకొండమ్మత్త లోపలికి పోయి, స్వర్గానికి వచ్చేసినాననుకొని, ఎప్పుడో పోయిన మొగుణ్ణి ఎతకతా రెండు రోజులు బయటికి రాలా."

"మరి అన్నం?"

"నేనే మోసకపోయి పెట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? అల్లూరులో సాయంత్రం ఏడు గంటలకి కోళ్లు కూసినాయి. తెల్లారిందనుకొని రైతులు మళ్లీ ఎద్దుల్ని తోలుకొని పొలాలకి పోయినారు, ఆ ఏడు ఒక పంట ఎక్కువ పండింది. మద్రాసు పోయే ఓడ ఇదే మద్రాసనుకొని ఇటు తిరిగింది. కెప్టెను దిగి ఈ బెంచీ మీదే టీ తాగిపోయినాడు."

గురవమ్మ గ్లాసులు కడుగుతోంది, తలెత్తలేదు.

"అదంతా ఒకెత్తు. ఆ సాయంత్రమే గాలివానకి దారి తప్పిన పడవ ఒకటి నా దీపాలు చూసి గట్టుకి వచ్చింది. నాలుగు ప్రాణాలబ్బయ్యా."

"ఆ నలుగుర్లో నాలుగోవాడెవురు మునెయ్యా?" అంది గురవమ్మ.

మునెయ్య గ్లాసు కింద పెట్టాడు.

"కొళాయి తెరిచింది ఎండాకాలంలో," అంది గురవమ్మ. "గాలివాన అంతకు ముందు కార్తీకంలో. ఆరేసిన వలలు తడిసిపోయినాయి. వాటెనక పెట్రోమాక్స్ ఎత్తి పట్టుకొని, చెయ్యి మార్చి చెయ్యి, నిలబడింది నేను. నువ్వు పడవలో వుండావు."

"వుండా అక్కా." మునెయ్య గొంతు తగ్గింది. "అమ్మని తల్చుకొని ఏడస్తా వుండా. అప్పుడు గట్టు మీద తడివల మెరిసింది. ఒక్క దీపం వెయ్యి దీపాలయింది. కానీ దీపం పట్టుకున్నోళ్లకి అది కనపడదు, సముద్రం మీద నించే కనపడతాది. మమ్మల్ని బతికించినదాన్ని నువ్వు చూడనేలేదే అని దిగులేసింది. అందుకే కొళాయి కాడ కట్టినా, నిన్ను పిలిచి ముందర నిలబెట్టినా. నీకు దండం పెట్టాలంటే సిగ్గేసి, ఇట్టా కోతలు కోస్తా వుండా."

గురవమ్మ అతని గ్లాసు తీసుకొని మళ్లీ నింపింది.

"కొళాయి కాడ వలలు యాభై రెండా?"

"ఒకటే అక్కా. దానికీ రెండు చిరుగులు."

"మూడు," అంది గురవమ్మ. "ఎంత సేపు చూసినానో నాకు తెలీదా. బాగుండింది. టీ తాగు."