గుర్రాల్నే గీసే ముసలోడు

దుబాయ్ పొలిమేరలో కఫీల్ గారి, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్ యజమాని గారి, గుర్రపుశాల వెనుక పనివాళ్ల గది. 2014, ఎండలు ముదురుతున్న రోజులు. ఆ శాలలో గుర్రాలను చూసుకునే భూమేశ్ ఎన్నడూ లేనిది మధ్యాహ్నానికే ఇంటికి వచ్చి గడపలో కూలబడ్డాడు. కఫీల్ వంటింట్లో పనిచేసే అతని భార్య కల్పనకు ఆ రాక నచ్చలేదు. పసిబిడ్డను ఒళ్లో జోకొడుతూనే మొదలుపెట్టింది.

“...గది కాదు నేనడిగేది. బొమ్మ అయిపోయిందా, కాలేదా?”

“కాలే.”

“కాకుంటె గింత పొద్దుండంగ నిన్నెట్ల ఇడిసిండు? గా బొమ్మలేసే ముసలోడు పొద్దుగూకేదాక గుర్రం తాడు పట్టిచ్చి నిన్ను ఎండల నిలవెడ్తడు గద.”

“ఇయ్యాలటికి చాలన్నడు.”

“చాలన్నడా! వాని నోట్లె ఆ మాట గూడ ఉన్నదా?”

“మెల్లగ మాట్లాడు. పిల్ల లేస్తది.”

“లేస్తె లేవనియ్. దానికి గూడ ఎరుక కావాలె, వాళ్ల నాయిన ఎసొంటోని కాడ గులాంగిరి చేస్తుండో. నిన్న ఏమన్నవ్ నాతోని? ఆ బర్క్ గుర్రాన్ని ఇంక నేను పట్టను, ఇంకో గుర్రాన్ని ఇయ్యుండ్రని అడుగుత అన్నవా లేదా?”

“అన్న.”

“అడిగినవా?”

“అడిగే యాల్ల దొరకలే.”

“యాల్ల దొరకలేదట! పోయిన నెల గా పఠాన్ పిల్లగాని దవడ పలగ్గొట్టింది గా గుర్రమే. వాడు ఇప్పటిదాక గంజి మీదనే ఉన్నడు. రేపు నీకేమన్న అయితె గీ పసిదాన్ని సంకనేసుకోని నేను ఏడికి పోవాలె? ఎవల గుమ్మం ముంగట కూసోవాలె?”

“నాకేమైతది? బర్క్‌కు నేనంటె ప్రేమ.”

“ప్రేమ! ముసలోని మాటలు నీ నోట్లె పడ్డయ్. గుర్రానికి ప్రేమ, గాడిదకు సిగ్గు, గాయనకు బుద్ధి. మూడు ఎక్కడన్న ఉన్నయా?”

“అట్లనకు. పెద్దమనిషి.”

“ఏం పెద్దమనిషి? వాళ్ల నాయిన ఏంజేసెటోడో నువ్వే గద చెప్పినవ్. చెప్పు, మల్ల ఒకసారి చెప్పు.”

“అది ఆయన తప్పా?”

“చెప్పరాదు.”

“గుర్రాల కసాయి. ఫ్రాన్స్‌ల గుర్రం కూర తినెటోళ్లట. దుకాణం మీద గుర్రం తల బొమ్మ ఉంటదట. ఆయన చిన్నప్పుడు మొదలువెట్టి గీసింది గదే. నాయిన దుకాణం బోర్డు.”

“సూసినవా? తండ్రి కోసి అమ్మిండు, కొడుకు గీసి అమ్మిండు. ఇద్దరు గుర్రం మీదనే బతికిండ్రు. తండ్రే నయం, ఊరోళ్ల కడుపన్న నింపిండు.”

“పారిస్‌ల పెద్ద రేసు గుర్రాలన్నిటికి ఈయననే బొమ్మలేసిండు. సర్కారు మెడల్ గూడ ఇచ్చింది.”

“ఏడున్నది మెడల్?”

“...అమ్ముకున్నడట.”

“పెండ్లాం?”

“ఇడిసిపెట్టి పోయింది.”

“ఎందుకు పోయింది?”

“నీకెరుకనే గద, మల్ల నన్నెందుకు అడుగుతవ్?”

“ఎరుకనే. పురుటి నొప్పులు పడుకుంట ఆమె దవాఖాన్ల ఉంటె, గీయన ఏడున్నడు? గుర్రం ఈనుతుందని తబేలల కూసున్నడు. గుర్రంపిల్ల ఎట్ల లేసి నిలవడ్తదో గీసుకుంట కూసున్నడు. కన్నబిడ్డ లేసి నిలవడంగ మాత్రం సూడలే. నేనైతె గా బొమ్మను పొయ్యిల పెడ్దును.”

“పెట్టిందట.”

“ఏంది?”

“గా బొమ్మ. ఆమె కాలవెట్టిందట. ఆయననే చెప్పుకుంట నవ్విండు.”

“నవ్విండా! సిగ్గులేని జన్మ.”

“నవ్విండు గని కండ్లల్ల నీళ్లు గూడ...”

“రంగు పడి ఉంటది.”

“కల్పనా.”

“ఏంది కల్పనా? ఆ దేశంల గుర్రాలోళ్లు బొమ్మలు మాని ఫోటోలు తీయించుకునుడు మొదలుపెట్టినంక వాని బొమ్మలు కుక్క గూడ వాసన సూడలేదని నువ్వే అన్నవ్. దుకాణాల గోడలకు రంగులేసుకోని బతికిండన్నవ్. మన కఫీల్ ఎక్కడ్నో ఒక బొమ్మ సూసి, ఐదేండ్ల కింద విమానం టికెట్టు పంపిస్తె ఈడికొచ్చి పడ్డడు. లేకుంటె ఆడ్నే సచ్చెటోడు. ఇగ ఈడికొచ్చినంక దొర. తెల్ల గొడుగు, తెల్ల టోపీ, చల్లటి నీళ్లు. నీకేమో ఎండ.”

“నాకు గూడ నీళ్లిస్తడు.”

“ఏమన్న దానకర్ణుడా! ఐదేండ్లల్ల ఎన్ని బొమ్మలు గీసిండు?”

“శానా.”

“ఒక్కదాంట్లనన్న నువ్వున్నవా?”

“గుర్రం బొమ్మల నేనెందుకు?”

“తాడు ఎవలు పట్టిండ్రు మరి? తాడు గీస్తడు. తాడు కొసకు చెయ్యి ఉండది. గాలిల ఏలాడ్తది. కఫీల్ మజ్లిస్‌ల వచ్చి కూసున్నోళ్లకు ఛాయ్ ఇయ్యనీకె పోయినప్పుడల్ల గోడ మీద ఆ తాడునే సూస్త. నువ్వు ఉండె, ఇప్పుడు లేవు అన్నట్టు కొడ్తది.”

“మనిషి మొకం తనకు రాదంటడు. ఎంత గీసినా అబద్ధమే వస్తదంటడు.”

“అబద్ధం వస్తదా! మనుషులు గిట్టరని చెప్పు, అయిపాయె. పోనీ గుర్రాలన్న గిట్టుతయా? దగ్గెరికి పోనీకె పానం లేదు.”

“చిన్నప్పుడు ఒక గుర్రం ఆయనను కడుపుల తన్నింది. అప్పటిసంది దూరంనుంచే గీస్తడు.”

“గందుకే నిన్ను ముంగట నిలవెట్టిండు. తన్నులు నీకు, పేరు వానికి. గుర్రాల కళాకారుడట! ఈతరాని చాపలోడు అన్నట్టుంది.”

“అట్లనే అనుకో.”

“గదొక్కటేనా నీ మాట?”

“ఏం మాట్లాడాలె?”

“ఎప్పుడన్న గిట్లంటె నా మీద గయ్యిన లేస్తవ్. ఇయ్యాల అన్నీ ఇనుకుంట కూసున్నవ్. ఏమైంది?”

“ఏం కాలే. ఇన్ని నీళ్లియ్యి.”

“చెయ్యి ఎనుకకు పెట్టుకున్నవెందుకు?”

“నీళ్లియ్యే అంటె...”

గుమ్మం బయట చెప్పుల చప్పుడయింది. శాల అజమాయిషీ అంతా చూసే ముదీర్ దగ్గర గుమాస్తా మహీధర్, కాకినాడ మనిషి, లోపలికి తొంగిచూశాడు.

“ఇక్కడున్నావా భూమేశ్! తబేలా అంతా గాలించాను. ఒంటికేం కాలేదు కదా? అది తిన్నగా నీ మీదికే లేచిందంట?”

“ఏది లేచింది సారూ? ఎవల మీదికి?”

“చెప్పలేదా అమ్మా మీ ఆయన? పొద్దున బర్క్ పిచ్చెత్తినట్టు ముందుకాళ్లు ఎత్తి లేచింది. తాడు ఇతని మణికట్టుకు చుట్టుకుపోయింది. ఆ ఫ్రెంచాయన పరిగెత్తుకొచ్చి అడ్డంపడి తాడు విడిపించాడు. గిట్ట వచ్చి ఆయన కుడిచేతి మీద పడింది. లోపల ఎముకలన్నీ పిండయిపోయాయన్నారు డాక్టర్లు.”

“ఓయమ్మో! చెయ్యి సూపెట్టు. సూపెట్టు అంటున్న! గీ వాపు... ఇంతసేపు నా ముంగట దాసుకోని కూసున్నవా?”

“ఏం లేదే. తాడు ఒరుసుకపోయింది. దవాఖాన్ల సూసిండ్రు.”

“సారూ, గా ముసలోడు అడ్డంపడ్డడా? గుర్రం దగ్గెరికే పోనోడు?”

“పడక చస్తాడా అమ్మా? తప్పంతా ఆయనదైతే!”

“తప్పా?”

“గుర్రం నాలుక వాచిపోయి నురగలు కక్కుతోంది. ఏం తిన్నదని ముదీర్ గారు అందర్నీ వరసగా నిలబెట్టి కేకలేస్తుంటే, అంబులెన్సులో పడుకున్న పెద్దాయనే నోరు విప్పాడు. రంగు తుడుచుకునే గుడ్డంట, టర్పెంటైన్‌లో ముంచిందంట, చూసుకోకుండా కింద పడేశాడంట. గుర్రం దాన్ని నమిలిందంట. ఈ వయసొచ్చి ఇదేం అజాగ్రత్త చెప్పండి! చంటిపిల్లలు నయం.”

“నేనేమంటున్న సారూ ఇంతసేపు? ఈయనకు చెవికెక్కితె గద! పెద్దమనిషట, పెద్దమనిషి! వాని గుడ్డ వాడు సక్కగ పెట్టుకోడు, నా పెనిమిటి పానం మీదికి తెచ్చిండు.”

“కఫీల్ గారు పెట్టబోయే బొమ్మల ఎగ్జిబిషన్ పుస్తకానికి ఆయన జీవితచరిత్ర టైపు చేసింది నేనేనండీ. గుర్రం మనసెరిగిన మహానుభావుడు అని రాశాను, నా ఖర్మ. ఇప్పుడదంతా చింపెయ్యమన్నారు. కఫీల్ గారు నిప్పులు చెరుగుతున్నారు. కాంట్రాక్టు ఖలాస్. చేతికి కట్టు పడగానే విమానం ఎక్కించెయ్యమన్నారు. మజ్లిస్‌లో బొమ్మలు కూడా దించేస్తున్నారు.”

“గా చేత్తోని ఆడికి పోయి ఏంజేస్తడు సార్?”

“ఏం చేస్తాడు? కూతురికి ఫోన్ చేశాం. తండ్రి పేరు చెప్పగానే పెట్టేసింది. అది మన గొడవ కాదులే. నాకొక్క మాట చెప్పు భూమేశ్. ఆ గుడ్డ దొరకలేదు. నువ్వు పక్కనే ఉన్నావు కదా, చూశావా?”

“ఆయన చెప్పిండు గద సార్.”

“ఆయన చెప్పాడయ్యా. నువ్వు చూశావా అని ముదీర్ గారు అడగమన్నారు.”

“దవాఖాన్ల ఆయన కాడ ఎవలన్న ఉన్నరా సార్?”

“అడిగింది చెప్పవయ్యా. ఆయనంటే తట్టాబుట్టా సర్దుకుని పోతాడు. ఇక్కడ ఉండాల్సింది నువ్వు. చూశానంటే నీ జోలికెవరూ రారు. లేదంటే మళ్లీ మొదట్నించీ విచారణ. ఎవరేం పెట్టారు, ఎవరేం తినిపించారు అని.”

“సూసిండు సారూ! పక్కకే ఉన్నోడు సూడకుంట ఎట్లుంటడు? చెప్పవేందయ్యా, నోరు పడిపోయిందా? ఇంక వాన్ని ఎనుకేసుకస్తవా?”

“...సూసిన సార్.”

“అదీ, అలా అను. రేపట్నుంచి ఆడగుర్రాల వైపు నీ పని. బర్క్‌ని ఇంకొకడికి అప్పజెబుతున్నారు. వస్తానమ్మా.”

మహీధర్ వెళ్లిపోయాడు. కల్పన లేచి తలుపు దగ్గరికి వేసింది.

“ఇన్నవా? ఆడగుర్రాలట! దేవుడున్నడు. నేను మొక్కిన మొక్కులు యాడికి పోతయ్? వాడు పోయిండు, వాని గొడుగు పోయింది, పీడ పోయింది. పోనియ్, ఊరికే పోలేదు, నిన్నొక్కసారి కాపాడి పోయిండు. అంతే సాలు. వాని తప్పు వాడు దిద్దుకున్నడు, మనకేం రుణం లేదు.”

“కల్పనా.”

“ఏంది?”

“పొద్దుగాల నా జేబుల ఏం పెట్టినవ్?”

“ఏం పెడ్త? ఏం పెట్టలే.”

“ఏం పెట్టినవ్?”

“ఖర్జూరాలు నువ్వే పెట్టుకున్నవ్ గద.”

“ఖర్జూరాల కింద.”

“...కోపానికి రాకు. మొన్న ఫోన్ల మీ అమ్మ చెప్పింది. ఉప్పు, ఆవాలు, ఎండు మిరపకాయలు దంచి, పాత చీర ముక్కల మూటగట్టి పెట్టుమన్నది. దిష్టి తగులదన్నది. నాకు నిద్రల్లేవు తెలుసా? కండ్లు మూస్తె గా గుర్రం నిన్ను తన్నినట్టె. నీకు చెప్తె పారేస్తవని చెప్పలే. ఏమైతది, ఇంత మూట జేబుల ఉంటె? అదే కాపాడింది గద నిన్ను!”

“బర్క్ దినాం నా జేబుల మూతి పెట్టి ఖర్జూరం తీసుకుంటది.”

“తీసుకుంటె?”

“ఉప్పు వాసన తగిలితె గుర్రం ఇడువదే.”

“అయితె... నమిలిందా?”

“మూటతోని నమిలింది.”

“నా చేతులిరగ! మరి గుడ్డ? రంగుల గుడ్డ?”

“ఏ గుడ్డ లేదు.”

“లేకుంటె గాయన ఉన్నదని ఎందుకు... ఉండు. ఉండు జర. ఆ మూట ఏడ పడ్డది? ఈళ్లు సూస్తె దిష్టి అనుకోరు, చేతబడి అంటరు! పక్క విల్లల వంటామెను, దిండు కింద తాయెత్తు దొరికిందనే పోలీసోళ్లు పట్టుకపోయిండ్రు. కఫీల్ గుర్రానికి మందు పెట్టిండ్రంటరు. నిన్ను గుంజుకపోతరు, నన్ను గుంజుకపోతరు, పిల్ల? పిల్లను ఏంజేస్తరయ్యా? లే! ఉరుకు! ఇసుకల ఉంటది, ఎవలు సూడకముందే ఏరుకొనిరా పో!”

“ఇసుకల లేదు.”

“ముదీర్‌కు దొరికిందా?”

“దొరకలే.”

“మరెవలికి దొరికింది? నా పానం పోతుంది, చెప్పు!”

“గుర్రం ఉమ్మేస్తె ఆయన పడ్డకాడనే పడ్డది. ముడి సూసిండు, నా మొకం సూసిండు. ఐదేండ్ల సంది ఈడ ఉన్నోడు, ఇసొంటియి దొరికితె ఏమైతదో ఎరుక లేదా?”

“సూసి?”

“ఎడమచేత్తోని పిడికిలి పట్టిండు. ముదీర్ అడుగుతున్నంతసేపు విప్పలే. సూది ఎయ్యాలె, చెయ్యి విప్పుమని నర్సు మొత్తుకున్నా విప్పలే. దవాఖాన్ల అందరు బయటికి పోయినంక నన్ను దగ్గెరికి రమ్మని నా చేతుల పెట్టిండు. ఇగో, నీ చీర ముక్క.”