ఒక్క మనిషి పోస్టు

నియామకాల గది. బల్లకు అటు ఆఫీసరు, ఇటు గాలి మిషన్లు బాగుచేసే మెకానిక్. కిటికీ అవతల రాకెట్ల రేవు.

“అది సరే మేడమ్, మీలో ఉన్న ఒక లోపం చెప్పండి.”

“అడిగిందే అడుగుతాను. ఆ పోస్టు ఎందుకు ఖాళీ అయింది సార్?”

“బావుంది, ఈ కుతూహలమే మాకు కావాలి. అయిదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?”

“అక్కడికి పోవడానికే ఏడాది పడుతుందన్నారుగా. ఎందుకు ఖాళీ అయింది?”

“మార్పులు, చేర్పులు. మాది కంపెనీ కాదు మేడమ్, కుటుంబం. కుటుంబమన్నాక వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు...”

“శని గ్రహం దగ్గర దీపస్తంభం. వచ్చేపోయే రాకెట్లకు దారి చూపించాలి. ఉండేది ఒక్కరే. అంతేగా?”

“ఒక్కరే. అందుకే టీమ్ స్పిరిట్‌కు ఇరవై మార్కులు పెట్టాం.”

“ఒక్కరికి టీమ్ స్పిరిట్ ఏమిటండీ?”

“పాలసీ.”

“ఇప్పుడు అక్కడున్నతను ఏమయ్యాడు?”

“అవి బయటికి చెప్పకూడదు. మీకు ఆయన తెలుసా?”

“మా అన్నయ్య.”

“అయ్యో, ఇంటిపేరు చూడలేదండీ. మేం ఎవరి ఇంటిపేరూ చూడం. అందరూ మాకు సమానమే.”

“వాడి గొంతు వినిపిస్తే ఇంట్లో ఎక్కడి పనులక్కడ ఆగిపోయేవి. ఈమధ్య ఉలుకూ లేదు, పలుకూ లేదు. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, మీ కాల్ మాకెంతో విలువైనది అంటుంది ఒకమ్మాయి. ఇంకేమీ అనదు. చివరికి మీ ప్రకటన చూశాను. వాడి పోస్టే. అమ్మకు చెప్పలేదు. వాడికి ఈ ఉద్యోగం వచ్చిన రోజే తిట్టింది, శని అక్కడెక్కడో లేదురా, నీ నెత్తిమీదే ఉందని. నేనే సర్దిచెప్పి పంపాను. చెప్పండి సార్, వాడు పోయాడా?”

“ఛ ఛ, అవేం మాటలు. నిక్షేపంలా ఉన్నారు.”

“ఉన్నాడా?”

“నిన్న కూడా ఫిర్యాదు పంపారు.”

“అమ్మయ్య. ప్రాణం లేచొచ్చింది సార్. ఇందాక కాస్త దురుసుగా మాట్లాడాను, ఏమీ అనుకోకండి. ఏమని ఫిర్యాదు?”

“ఊపిరికి గాలిచ్చే ఆ గాలి మిషన్ అరిగిపోయిందట, బాగుచేసే మనిషిని పంపమంటారు. పొద్దస్తమానం అదే గోల. అందుకే ఆయన బయటి కాల్స్ ఆపేశాం. మిగతావాళ్ల ఉత్సాహం తగ్గకూడదుగా.”

“మనిషిని పంపారా?”

“రిపేరుకు బడ్జెట్ లేదు. నియామకాలకు ఉంది. కొత్తగా చేరేవారికి జాయినింగ్ కిట్‌లోనే కొత్త మిషన్ ఇస్తాం.”

“అది వాడికే ఇవ్వచ్చుగా?”

“ఆయన కొత్తగా చేరేవారు కాదు కదండీ.”

“వెనక్కైనా రప్పించండి.”

“తిరుగు టికెట్ కాంట్రాక్టులో లేదు.”

“ఆ పాత మిషన్ ఎన్నాళ్లు లాగుతుందట?”

“ఏడాది పైన ఓ నెల లాగుతుందని మా ఇంజినీర్లు లెక్కగట్టారు.”

“అయితే నన్ను తీసుకోండి. జీతం లేకపోయినా ఫర్వాలేదు. ఈ చేతులతో బాగుచేయని మిషన్ లేదు సార్. అదిగో, ఆ కిటికీలోంచి కనిపిస్తోందే, ఆ రాకెట్ ఎప్పుడు బయల్దేరుతుంది?”

“రేపే. మిమ్మల్ని తీసుకున్నట్టే, అభినందనలు. కానీ అది మీకు కాదు.”

“ఏం?”

“అది ఎక్కితే ఆయన ఉండగానే చేరిపోతారు మేడమ్. ఒక్క మనిషి పోస్టులో ఇద్దర్నెలా పెట్టమంటారు? మీకు దాని వెనకది, రెండు నెలల తర్వాతది బుక్ చేశాం.”