మచ్చ మీద ఒంటిరంగు

పచ్చబొట్లు వేసే ఆవిడ గదిలో, బ్యూటీపార్లర్‌లో పనిచేసే అమ్మాయి తన కుడిచెయ్యి దీపం కింద పెట్టి కూర్చుంది. వేళ్ల మీదంతా పరుచుకున్న తెల్లమచ్చ. కాళ్లు మాత్రం ఒకచోట నిలవడం లేదు.

“ఈ మచ్చ మీద ఒంటిరంగు పొడిచెయ్యండక్కా. ఇవాళే అయిపోవాలి.”

“పొయ్యి మీద పాలు పెట్టొచ్చావా ఏంటి, అంత తొందర?”

“నిన్న పార్లర్‌కొచ్చిన ఒకావిడ నా చెయ్యి చూసి ముఖం వెనక్కి లాక్కుంది. రేపట్నుంచి గల్లాపెట్టె దగ్గర కూర్చోమంది మా మేడమ్. నేర్చుకున్న పనంతా ఈ చేతుల్లోనే ఉందాయె!”

“మచ్చ పెరుగుతోందా?”

“లేదు. ఏడాదిగా ఇంతే.”

“నిజం చెప్పు తల్లీ. పెరిగే మచ్చయితే సూది గుచ్చిన చోట కొత్తది లేవొచ్చు. ఆగేదాకా నేను సూది పట్టను.”

“ఆగిందని చెప్పానుగా!”

“మంచిది. ఆ ఎడమచేతి గడియారం తియ్యి.”

“గుచ్చేది కుడిచేతికి కదా, దాంతో పనేంటి?”

“పట్టీ ఒరుసుకునే చోట కొత్తవి తొందరగా బయటపడతాయి. తియ్యమ్మా.”

ఆమె పట్టీ మీద వేలు పెట్టింది గానీ, ఊడదీయలేదు.

“పోయిన నెలే వచ్చిందక్కా. గోరంతే ఉంది. దీన్ని చూడనట్టు ఉండలేరా?”