భీమన్న పేరు మీద రక్తం

హలో… ఆ, నేనే కాక, నిరోషని. తమ్ముని ఫోన్‌ల కెళ్లి చేస్తున్న. నా నెంబర్ సూస్తే ఎత్తుతలేవు గదా, గందుకే.

… పొలం కాడ ఉన్నవా? జర గట్టు మీదికి రా. మోటరు సప్పుడుకు ఏం ఇనరాదు.

… ఆఁ, ఇప్పుడు ఇనవడుతుంది.

… అమ్మ బాగనే ఉంది. నేను నిజామాబాద్‌ల ఉన్న, దవాఖాన వరండాల. తమ్ముడు లోపట కూసున్నడు.

… తిన్న కాక. ఉప్మా తిన్న. తిన్న ముచ్చట చెప్పడానికి చెయ్యలే. ఒక్కటి అడుగుత, కోపం రావద్దు.

మొన్న బోధన్ నుంచి రక్తం తీసేటాయన మీ ఇంటికి వచ్చిండా?

… వచ్చిండు. మంచిది. ఎవల రక్తం తీసుకపోయిండు?

… నీదేనా?

… ఏ చెయ్యికి గుచ్చిండు?

… ఎడమ చెయ్యికి. మరి అది ఆడమనిషి రక్తం ఎట్లయింది, కాక?

… నవ్వకు. నాకు నవ్వు వస్తలేదు. సీస మీద భీమన్న అని రాసుంది, లోపట ఆడమనిషి ఉంది. మా ల్యాబు సారు అందరి ముందట ఏమన్నడో తెలుసా? 'నిరోషా, మీ చిన్నాయన ఆడామె అయితే ముందే చెప్పాలె గదమ్మా' అన్నడు.

… తెలుస్తది. రక్తంల తెలుస్తది. దాచితే దాగేది కాదు.

… ఎవలదీ? … సుమిత్రమ్మ చిన్నమ్మదే. నీ నోటితోని ఇనాల్నని అడిగిన.

… ఏందీ? మళ్ల చెప్పు. … 'ఒక్క కార్డుల ఉన్నోళ్లమే గదా' అంటే?

… అబ్బ. కాక.

… రేషన్ దుకాణంల ఇంట్ల ఎవలు ఏలు పెట్టినా బియ్యం ఇస్తరు. ఒప్పుకుంట. నువ్వు కాలువ కాడికి పోతే చిన్నమ్మ పెడుతది. చిన్నమ్మకు జరమొస్తే నీ బిడ్డ అఖిల పెడుతది. గది బియ్యం. గిది రక్తం. మీరిద్దరు ఒక్క కార్డుల ఉన్నరు గాని ఒక్క కడుపుల పుట్టలే గదా.

… ఆయన ఎట్ల తీసుకపోయిండంటవా? గదే అడిగిన ఆయనను. 'మా ఇంటాయన నీళ్ల వంతుకు పోయిండు, నాది తీసుకో, ఏమైతది' అన్నదట చిన్నమ్మ. ఉత్త చేతులతోని పోతే పెట్రోలు దండుగ అని ఆయన తీసుకున్నడట. ఇద్దరికిద్దరు.

… తప్పైంది అని ఊకోకు. దానికి ఏమైందో ఇను. తమ్మునికి గోలీలు మొదలు పెడుదమన్నోళ్లు ఆపేసిండ్రు.

… మన సాయికుమార్‌కే. … ఎందుకంటే, నీ రక్తంల ఏ మార్పు లేదని వచ్చింది. నాకు నమ్మబుద్ధి కాలే. మళ్ల సూడుండ్రి, మళ్ల సూడుండ్రి అని మా సారు ప్రాణం తీసిన. సూస్తే ఆడమనిషి రక్తం. ఈ పొద్దు పొద్దుగాల తెలిసింది.

… ఇంటికి పోయి చిన్నమ్మకు ఇయ్యకు ఫోను. నువ్వే ఇను.

మన రక్తంల ఒక ప్రొటీన్ ఉంటది… పొడి డబ్బా కాదు కాక. … గుడ్లు గుడ కాదు. మన ఒంట్లెనే తయారైతది. కార్జం తయారు చేసి రక్తంలకి ఇడుస్తది. నాలుగు ముక్కలు ఒక్క తాన కూడితే ఆ ప్రొటీన్. నలుగురు కలిసి మంచం మోసినట్టు. తమ్మునికి ఆ ముక్కల అల్లికల ఒక్క పూస మారింది. పూసల దండ లెక్క ఉంటది అది, ఒక్కటంటే ఒక్క పూస. గంతే, నలుగురు నిలువరు. ఇడిపోతరు. ఇడిపోయిన ముక్కలు ముడుసుకపోయి, ఒకదానికొకటి అతుక్కొని నరాలల్ల పేరుకుంటయి. గుండెల గుడ.

… ఎట్ల పేరుకుంటయంటే… మీ వర్ని కాలువల పూడిక పడుతదా లేదా? … పడితే ముందుగాల ఎవల మడి ఎండుతది?

… ఆఁ. చివరాయకట్టోనిదే. మన ఒంట్లె చివరి మడి పాదాలు. గందుకే తిమ్మిరి ముందుగాల ఆడ మొదలైతది.

… గోలీ ఏం చేస్తదంటే, ఆ నాలుగు ముక్కల నడుమ సందుల కూసొని ఇడిపోకుంట పట్టుకుంటది. పాత పూడిక తియ్యదు. కొత్తది పడకుంట ఆపుతది. ఆ ప్రొటీన్ ఏ తీరుగ ముడుసుకుంటదో, దాంట్ల సందు యాడుందో ఏండ్లకేండ్లు కూసొని సూసినోళ్లుండ్రు కాక. గందుకే ఆ సందుకు సరిపోయే గోలీ చెయ్యగలిగిండ్రు.

… దేవుడు లేడని నేననలే. ఆ సందు మనుషులే ఎతికిండ్రు అంటున్న.

… మన ఇంట్ల ఎవలు ఎతికిండ్రు మరి? తాతకు ఏమన్నరు? కల్లు ఎక్కువై నరాలు సచ్చినయన్నరు. మా బాపుకు? మస్కట్ ఎండ కొట్టిందన్నరు. తాత మస్కట్ సూసిండా? బాపు కల్లు ముట్టిండా? ఇద్దరి కాళ్లు ఒక్క తీరుగనే పడిపోయినయి. ఎందుకని ఒక్కలన్న అడిగిండ్రా?

… నేనడిగిన. అడిగే గీ సదువు సదివిన.

… ఆఁ, ఇప్పుడు పెద్ద డాక్టరు అడిగేది ఇను. గీ పూస మారుడు ఇంతకుముందు వాళ్లు ఏ ఇంట్ల సూడలేదట. మీ చిన్నాయనకు గుడ తిమ్మిర్లున్నయంటివి, ఆయన రక్తంల మార్పు లేదాయె, మరి రోగం గీ మార్పుతోనే వచ్చిందని ఎట్ల నమ్మాలె, మందు ఎట్ల ఇయ్యాలె అన్నడు. నిన్న. తమ్ముడు ఆడనే ఉన్నడు, అంత ఇన్నడు.

… చెప్త. అది చిన్నమ్మ రక్తమని చెప్త. చెప్తే ఆ సీస పారబోస్తరు. పారబోస్తే తమ్ముని పక్కన సాక్ష్యానికి రెండో మనిషి ఎవలుండ్రు? బాపు లేడు, తాత లేడు. నువ్వే ఉన్నవు.

… నీకు తిమ్మిర్లున్నయని ఎవలు చెప్పాలె? అమ్మకు కండ్లు లేవా? బాపు కాళ్లు పిసికిన మనిషి ఆమె. నందిపేట్ పెండ్లిల నీ చెప్పు పందిట్లనే జారిపోతే, నువ్వు ఒట్టి కాలుతోని రోడ్డు దాక పోయినవు. నీకు తెల్వనే తెల్వలే. అమ్మ తీసుకొచ్చి నీ ముందట పెట్టింది గదా.







… ఏందీ, నీళ్ల వంతు కాదా? … ఆ రోజు వంతు మీది కాదా?

… అంటే కావాల్ననే పోయినవు. రక్తం తీసేటాయన వస్తడని ఎరుకుండే పోయినవు.

… చిన్నమ్మకు ఎరుకేనా? … ఆమె నిజంగనే కార్డు లెక్కనే అనుకున్నది. నువ్వు అనుకోనిచ్చినవు.

… ఎన్నటి సంది గీ తిమ్మిర్లు, కాక?

… గంత ఎనుకటి సందా. బాపు పోకముందు నుంచేనా?

… ఆ, గుర్తుంది. పాడె మోసుకుంట తూలినవు. అన్న పోయిన దుఃఖం అన్నరందరు. నేను గుడ గట్లనే అనుకున్న. … కాలు కింద భూమే దొరకలేదా.

… భయమే. ఎవలకుండదు? భయపడుకుంటనన్నా చెప్పచ్చు గదా. బాపు మంచంల పడ్డంక డాక్టరు కాడికి పోయిండు. ఏం చేస్తరు ఆళ్లు? నువ్వు నడుస్తున్నవు. నాట్లు ఏపిస్తున్నవు. నడిచేటోనికే పనికొస్తది ఆ గోలీ, పడ్డోనికి కాదు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు.

… అఖిలకా?

… రావచ్చు, రాకపోవచ్చు. రెండూ సమానమే. … అబద్ధం ఎట్ల చెప్పాలె నీకు.

… ఇప్పుడే సూడుమని ఎవలన్నరు? పెద్ద పిల్ల అది, దాన్నే అడుగుదం. వద్దంటే వద్దు. నువ్వు నీది ఇయ్యి ముందుగాల.

… నేను గట్టిగ ఒర్రుతలేను.

… ఆ, ఒర్రుతున్న. ఏం చెయ్యాలె మరి? లోపట తమ్ముడు బూట్ల దారాలు ఇప్పుతున్నడు, కడుతున్నడు. ఏళ్లకు స్పర్శ తెలుస్తుందా లేదా అని. వాడిని సూడలేక బయటకొచ్చి నీకు చేసిన. నువ్వేమో కార్డు కథ చెప్తివి.

… ఏందీ?

… నాదా? … నాది ఎందుకిప్పుడు. నేను ల్యాబు మనిషిని.

… ల్యాబు మనిషికి బాపు ఉండడా అంటే, ఉండె. ఎందుకుండడు.

… లే. ఇయ్యలే.

… అందరియి పట్టిన. అమ్మది, తమ్మునిది. నా సీస ఖాళీగనే ఉంది.

… టైం దొరకక కాదు.

… నవ్వుతే నవ్వు. … నవ్వుతలేవా.

… కాళ్లు బాగనే ఉన్నయి. సూసుకుంట గదా. పొద్దుగాల లేవంగనే దుప్పట్ల ఒక్కొక్క ఏలు కదిపి సూసుకుంట, అప్పుడు దిగుత. … అమ్మకు తెల్వది. నువ్వు చెప్పకు.



… నువ్వొస్తే నా రక్తం గుడ ఇస్త.

… నిజంగనే అంటున్న. నువ్వొచ్చి కూసో, పక్కకు నేను కూసుంట. … ముందుగాల నాదే తియ్యమంట. సరేనా? చిన్నదాన్ని గదా, ముందు గుచ్చిచ్చుకుంట.

… ఈ పొద్దేనా? … మడికి నీళ్లెట్ల? … అఖిల సూసుకుంటదా. మంచిది.

… చిన్నమ్మకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప. ఇన్నేండ్లు దాచినోనివి నువ్వు, ఆమె తిట్లు నువ్వే తిను.

… బస్టాండుకు నేనొస్త. యాడికి పోకు, ఆడనే నిలవడు.

… కాక, ఇను. బస్సు దిగేటప్పుడు మెట్టును కండ్లతోని సూసి కాలు పెట్టు. కాలుకు తెలుస్తది లే అనుకోకు.

… ఆ. … నేను గుడ సూసే ఏస్త.

… పెడుతున్న.