ఊరికే వచ్చిన అక్షరాలు

పెళ్లి కార్డులు, దరఖాస్తులు టైపు చేసిపెట్టే ఇరుకు కొట్టు. కంప్యూటరు ముందు కొట్టాయన చెల్లెలు, రిపేర్లు ఆమె పని. పక్కనే కొట్టాయన, నిలబడలేక, కూర్చోలేక.

"అన్నయ్యా, మళ్లీ అడుగుతున్నా. ఈ కొత్త అక్షరాల ప్రోగ్రాం ఎక్కడిది?"

"నెట్‌లోదే. ఊరికే ఇచ్చారు."

"ఊరికే ఎవడిస్తాడు? నువ్వు ఒక్క కార్డైనా ఊరికే వేసిస్తావా?"

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే! యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతానంది. ఆపా."

"దొంగ వచ్చి కుక్కని కట్టేయమంటే కట్టేశావన్నమాట."

"ఎత్తిపొడుపులు తర్వాత. నా డబ్బెలా పోయిందో అది చెప్పు."

"అక్షరాల చాటున ఇంకోటి దూరింది. ట్రోజన్ అంటారు. నువ్వు కొట్టే ప్రతి ముక్కా ఎవడికో పంపుతోంది. బ్యాంకు పేజీ తెరిస్తే, దాని మీద అచ్చం అలాంటిదే ఇంకో పేజీ పరిచి, ఫోనుకొచ్చిన ఓటీపీ నంబరు కొట్టమంటుంది. కొట్టావా?"

"బ్యాంకే అడిగిందనుకున్నానే..."

"పోయిందేదో పోయింది. నెట్ వైరు పీకేశా. ఇది ఇంకెవరికైనా ఎక్కించావా?"

"ముందు నా డబ్బు సంగతి చూడవే."

"నిన్నే!"

"కాసిని నీళ్లు..."

"అన్నయ్యా!"

"టీచరమ్మకి. తన జీవితకథ రాసుకుంటోంది కదా, ఈ అక్షరాలు చూసి ముచ్చటపడింది. నేనే ఇంటికెళ్లి ఎక్కించొచ్చా. రూపాయి కూడా తీసుకోలేదే!"

"ఆవిడ బ్యాంకు పనులూ అందులోనేనా?"

"అందులోనే. నేర్పిందీ నేనే. ముప్పై ఏళ్లు అద్దె కొంపల్లో ఈడ్చుకొచ్చిన మనిషి, ఇప్పటికి రెండు గదులు కొనుక్కుంటోంది. ఆ డబ్బంతా ఇవాళే... పదకొండింటికి పంపాలంది."

"పదకొండు దాటి పది నిమిషాలైంది! ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు."

"నంబరు నువ్వే నొక్కు. ఆఁ... టీచరమ్మా! నేను, కార్డుల కొట్టు. మీ బ్యాంకు..."

"బ్యాంకు మాటెత్తావా? పెట్టేస్తున్నా."

"అయ్యో, నేనేనండీ!"

"తెలిసిన గొంతుతో చేసినా నమ్మొద్దని ఆ కార్డుల కొట్టు అబ్బాయే నాకు చెప్పాడు. సిగ్గులేకపోతే సరి!"

"పెట్టేసిందే! నేనే చెప్పా, నా నోటితో నేనే..."

"ఏడుపు తర్వాత. మళ్లీ చెయ్యి."

"ఎత్తదు. ఎత్తదే. చచ్చాం... ఆఁ, ఎత్తింది! టీచరమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా, పెట్టెయ్యకండి. మీ పుస్తకానికి పేరు కుదరట్లేదని నిన్న నాతో అన్నారు చూడండి, ఆ మనిషినే."

"ఓరి నువ్వా! ఆ ముక్క ముందే ఏడవచ్చుగా. ఏమిటా కంగారు?"

"డబ్బు పంపారా?"

"పంపుతూనే ఉన్నా. పేజీ ఇంకా గిర్రున తిరుగుతోంది."

"ఫోనుకొచ్చిన నంబరు... అది ఎవరికైనా ఇచ్చారా?"

"అంత తెలివితక్కువదానిలా కనిపిస్తున్నానా? నువ్వు నేర్పిన పాఠమేగా నాయనా! నోటితో ఒక్క మనిషికీ చెప్పలేదు. పేజీ మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ దాంట్లోనే కొట్టాను, ఒక్క తప్పు లేకుండా."