నీళ్లు చూసే కాయ

"నీళ్లు చూసే కాయను చట్నీకి కొట్టినావా?"

"ఇంట్లో ఉండేది అదొక్కటే. ఇంకోటి తెచ్చింటే దాని జోలికి ఎందుకు పోతా?"

చిలమత్తూరు దగ్గర కొత్తగా తెరిచిన గోల్ఫు మైదానం చూసి, భార్యాభర్తలు సాయంత్రానికి ఇల్లు చేరారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది లేచి నిలబడిన చోట బోరు వేయమని చెప్పడంలో ఆయనకు చుట్టుపక్కల పేరుంది.

ఆమె కంచంలో సంగటి పెట్టింది.

"పిలిచి శాలువా కప్పినారు కదా, మొగం అట్ల పెట్టుకున్నావేం?"

"ఆ గడ్డిలో చెప్పులిడిచి నడిచినా. మిట్టమధ్యాన్నం పాదాలు తడిసినాయి."

"మన బోరు ఎండి నెలయింది. ఆడికి నీళ్లు యాడివి?"

"నేను చూపిన చోటే బోరేసినారు. కాయ నిటారుగా లేచేసరికి సంబరపడినా. నీళ్లు ఏ దిక్కునుంచి వస్తాండాయో చూడలేదు."

"ఏ దిక్కు?"

"మన చీనీతోట దిక్కు."

ఆమె వాకిలి బయట ఎండుతున్న బత్తాయి చెట్ల వైపు చూసింది. ఆయన ముద్ద తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"మూడొందల చెట్లు. చూస్తాండగానే ఆకు ముడుచుకుంటాండాది. రేపు కొత్త కాయ తెస్తా. ఇంకా లోతుకు, ఇంకో బోరు ఏద్దాం."

"ఇప్పటికి తొమ్మిది ఏసినాం. నీ కాళ్లే తడిసినాయనుకున్నావా? నావీ తడిసినాయి. అందుకే ఇంటికి రాంగానే దాన్ని కొట్టినా."

ఆయన తలెత్తాడు. ఆమె సంగటి మీద చట్నీ వేసింది.

"రేపు మనుషుల్ని పిలిచి చెట్లు నరికిస్తా. ఈ ఇంట్లోకి కాయ వచ్చేది ఇంక చట్నీకే. తిను."